స్టాండింగ్ డెస్క్ కొన్నా... నాన్న ఒక్క ప్రశ్నతో ఆపేశాడు

వారంలో రెండు రోజులు మేడ్చల్ నుంచి గచ్చిబౌలి దాకా క్యాబ్‌లో కూర్చుంటా. తర్వాత ఆఫీసులో కూర్చుంటా. మిగతా మూడు రోజులు ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుంటా. 26 ఏళ్లకే నడుం పట్టేసి, ఒకరోజు షూ లేసు కట్టుకోవడానికి వంగలేకపోయా. వెంటనే 24 వేలు పెట్టి మోటార్ ఉన్న స్టాండింగ్ డెస్క్ ఆర్డర్ చేశా.

భయానికి ఇంకో కారణం కూడా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు మన సిటీలో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. 2025లో వచ్చిన స్టడీ ఇది. గంటల తరబడి కూర్చోవడాన్ని కూడా వాళ్లు ఒక కారణంగా చెప్పారు.

మొదటి వారం హుషారుగా రోజుకి ఐదు గంటలు నిలబడి కోడ్ రాశా. శుక్రవారానికి మడమలు మంట, పిక్కలు బరువు. నాన్నకి మేడ్చల్‌లో కిరాణా షాపు. ముప్ఫై ఏళ్లుగా కౌంటర్ వెనక నిలబడే ఉంటాడు. ప్యాంటు పైకి లాగి ఉబ్బిన నరాలు చూపించాడు. "నిలబడితేనే పానం మంచిగుంటదంటే, నాకీ నరాలెందుకు ఉబ్బినయ్‌రా?"

నాన్న అడిగింది కరెక్టే. 2024లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు 83 వేల మంది డేటా చూస్తే, ఎక్కువసేపు నిలబడటం వల్ల గుండెకి లాభమేమీ కనిపించలేదు. రెండు గంటలు దాటితే సిరలు ఉబ్బడం లాంటి సమస్యల రిస్క్ పెరిగింది. అసలు బగ్ ఒకే పొజిషన్‌లో ఉండిపోవడం.

అలాగని డెస్క్ వేస్ట్ అనను. కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆలన్ హెడ్జ్ చెప్పిన లెక్క నాకు పనికొచ్చింది: ప్రతి అరగంటలో 20 నిమిషాలు కూర్చోవడం, 8 నిమిషాలు నిలబడటం, 2 నిమిషాలు కదలడం. అందుకే కొనేటప్పుడు ముందు మెమరీ బటన్లు చూడండి. ఒక్క నొక్కుతో ఎత్తు మారకపోతే రెండో వారానికే బద్ధకిస్తాం. తర్వాత కనిష్ఠ ఎత్తు చూడండి. చాలా మోడల్స్ 70 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి, పొట్టిగా ఉన్నవాళ్లకి భుజాలు నొప్పి పుడతాయి. కరెంటు పోతే డెస్క్ ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది, ఇన్వర్టర్ లైన్‌కి కలపండి.

బడ్జెట్ లేదా? ఫోన్‌లో అరగంట టైమర్ పెట్టుకుని, కాల్స్ నడుస్తూ మాట్లాడండి. నా నడుం నొప్పి తగ్గడంలో సగం క్రెడిట్ దానిదే. ఆదివారం పొద్దున శామీర్‌పేట చెరువు దగ్గర నాన్నతో నడక కూడా మొదలైంది.

కౌంటర్ వెనక ఆయనకి ఒక ఎత్తు స్టూల్ కొనిచ్చా. 1,500 రూపాయలు. ఈ ఏడాది నేను కొన్నవాటిలో నా ఫుల్ రేటింగ్ దానికే.