బండి పోలేదు, పెట్రోల్ పోయింది

నాలుగు నెలలు మూలన పడున్న పాత బండి స్టార్ట్ కాకపోతే మన ఇళ్ళల్లో జరిగే తంతు ఒకటే. ముందు ఇరవై కిక్కులు. కాస్త ఊపిరి పీల్చుకుని ఇంకో ఇరవై. ఆ తర్వాత పక్కింటి కుర్రాళ్ళని పిలిచి వీధి చివరిదాకా తోయించడం. అప్పటికీ లేవకపోతే తీర్పు వచ్చేస్తుంది: "ఇంజిన్ పోయింది."

నా పేచీ ఈ తీర్పుతోనే. కార్బొరేటర్ బండి నాలుగు నెలలు కదలకుండా ఉన్నంత మాత్రాన ఇంజిన్ పోవడం అరుదు. ఎక్కువసార్లు పోయేది అందులో ఉన్న పెట్రోల్. ఈ రెండు మాటల మధ్య తేడా కొన్ని వేల రూపాయలు. ఒక్కోసారి ఏకంగా బండే.

పెట్రోల్ ఒకే పదార్థం కాదని ఫస్టియర్ కెమిస్ట్రీలోనే చదివాం. తేలిగ్గా ఆవిరయ్యేవీ, నిదానంగా ఆవిరయ్యేవీ కలిసిన మిశ్రమం అది. చల్లగా ఉన్న ఇంజిన్ అంటుకోవాలంటే ఆ తేలిక రకమే కావాలి. కార్బొరేటర్ అడుగున ఫ్లోట్ బౌల్ అని చిన్న గిన్నె ఉంటుంది. దానికి గాలి తగిలే దారి కూడా ఉంటుంది. బండి కదలకుండా ఉంటే గిన్నెలోంచి ముందు ఆ తేలిక రకమే ఎగిరిపోతుంది. మిగిలింది జిగురెక్కి, చివరికి వార్నిష్ పూతలా గట్టిపడుతుంది. ఆ జిగురు తేలిగ్గా మూసేసేది స్లో జెట్‌ని. ఐడ్లింగ్‌లో ఇంజిన్‌కి పెట్రోల్ అందించేది అదే. వంద సీసీ బండిలో దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అంత సన్నటి దారిలో ఒక్క చుక్క జిగురు చాలు.

దీనికి ఇథనాల్ సంగతి కూడా తోడైంది. 2022లో మన పెట్రోల్‌లో ఇథనాల్ 10 శాతానికి చేరింది. 2023 నుంచి 20 శాతం కలిపిన పెట్రోల్ బంకుల్లోకి వచ్చింది. అది దేశానికి మంచిదా కాదా అన్న చర్చ వేరే పెట్టుకుందాం. మూలనున్న బండి వరకు విషయం ఒకటే: ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. రిజర్వ్‌లో ఉన్నప్పుడు ట్యాప్ లాగేది కూడా ఆ అడుగునుంచే. పైగా పాత బండ్లలోని రబ్బరు పైపులు, వాషర్లు ఇంత ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

మా మామయ్య బండి విషయంలో జరిగింది చెప్తాను. ఆయనకి కాలు విరిగి, వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా బండి పాకలోనే ఉంది. పొలానికీ, పాలకేంద్రానికీ ఆయనకున్న వాహనం అదొక్కటే. నేను సెలవులకి వెళ్ళేసరికి బేరం దాదాపు కుదిరిపోయింది. ఎవరో చూసి "బోర్ పోయింది, ఇంజిన్ దించాలి" అన్నారట. దించడానికయ్యే ఖర్చు కంటే పాత ఇనుము కింద అమ్మేయడమే నయమని మామయ్య అనుకున్నాడు.

"ఏమ్మా కోడలు పిల్లా, మీ కాలేజీలో ఇట్లాంటివి చెప్తారా, లెక్కలేనా?" అన్నాడు నవ్వుతూ. నవ్వాడే గానీ ఆ బండి పోతే రోజూ పొద్దున్నే పాల క్యాన్లు ఎవరు మోస్తారన్న దిగులు మొహంలో కనిపిస్తూనే ఉంది.

"ఒకసారి కొట్టు మామయ్యా, చూద్దాం" అన్నాను. ఆయన కాలితో ఎలాగూ కొట్టలేడు, వాళ్ళబ్బాయి కొట్టాడు. చోక్ లాగి కొడితే బండి నాలుగు క్షణాలు నడిచింది. చోక్ వెనక్కి తోయగానే టప్‌మని ఆగిపోయింది. మళ్ళీ చోక్, మళ్ళీ నడక. మళ్ళీ చోక్ తీస్తే మళ్ళీ ఆగడం.

రోగం ఏంటో బండే చెప్తోంది. చోక్ మీదైనా నడుస్తోందంటే కరెంటు వస్తోంది, కంప్రెషన్ ఉంది. చోక్ చేసే పనల్లా గాలిని తగ్గించి, పెట్రోల్ పాళ్ళు పెంచడం. అది తీయగానే ఆగిపోతోందంటే పెట్రోల్ చాలడం లేదు. అంటే స్లో జెట్ మూసుకుపోయి ఉండాలి. గిన్నె కింది స్క్రూ వదులు చేస్తే పసుప్పచ్చగా, పాత పెయింటు డబ్బా వాసనతో ఓ నాలుగు చుక్కలు కారాయి. జెట్ విప్పి ఎండకేసి చూస్తే అవతలి వెలుగు కనిపించలేదు. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి నానబెట్టాం. వైరులోంచి తీసిన ఒకే ఒక్క రాగి పోగు దూర్చి, పంక్చర్ షాపులో గాలి కొట్టించాం. ట్యాంకులో పాత పెట్రోల్ దించేసి కొత్తది పోశాం. ప్లగ్గు మార్చాం. మూడో కిక్కుకి లేచింది, చోక్ తీసినా ఆగలేదు.

ఇందులో నా గొప్పేమీ లేదు. బోర్ పోయిందన్నాయన మోసగాడనీ నేను అనను. రోజుకి ఇరవై బండ్లు చూసేవాళ్ళకి ఆగి ఆలోచించే తీరిక ఉండదు. నేను చెప్పేదల్లా వరస గురించి. చేతికి స్పానర్ అందుకునే ముందు నాలుగు ప్రశ్నలు వరసగా వేసుకోవాలి.

మొదటిది, పెట్రోల్ వస్తోందా? ట్యాప్ తెరిచి ఉందా, పైపులోంచి ధార వస్తోందా, గిన్నెలోకి చేరుతోందా చూడాలి. పది కిక్కుల తర్వాత ప్లగ్గు విప్పితే అది పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. తడిసి ముద్దయి ఉంటే ఓవరయింది, లేదా కరెంటు లేదు.

రెండోది, కరెంటు వస్తోందా? ప్లగ్గుని క్యాప్‌కి తగిలించి, ఇంజిన్ లోహానికి ఆనించి కిక్ కొడితే నిప్పురవ్వ కనిపించాలి. ఈ పని ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా, కారిన పెట్రోల్ ఏమీ లేని చోట చేయాలి. ఇక్కడ అజాగ్రత్త పనికిరాదు.

మూడోది, గాలి ఆడుతోందా? పాకలో పెట్టిన బండి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక గూడు కట్టొచ్చు. సైలెన్సర్ గొట్టంలో కందిరీగ మట్టి పెట్టొచ్చు. నవ్వకండి, పల్లెటూళ్ళలో ఇది మామూలే.

నాలుగోది, అన్నిటికంటే ఆఖరుది, కంప్రెషన్. ట్యాప్ కట్టేసి, తాళం తీసేసి, ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి కిక్ తొక్కిస్తే గాలి వేలిని నెట్టేయాలి. నెట్టకపోతే అప్పుడు నిజంగానే మెకానిక్ దగ్గరికి వెళ్ళాలి. మన వాళ్ళు ఈ ఆఖరి ప్రశ్నకి జవాబుని మొదటే చెప్పేస్తున్నారు. ఖర్చంతా అక్కడే.

"ఇంకా కార్బొరేటర్లేంటి, 2020లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షనే కదా" అని మా క్లాసులోనే అన్నారు. నిజమే. ఇంజెక్షన్ మెరుగైనదే. పొగ తక్కువ, చోక్ గొడవ లేదు. కొత్త బండి కొనేవాళ్ళని కార్బొరేటర్ కోసం వెతకమని నేను చెప్పను. కానీ కొత్త బండి కొనలేని ఇళ్ళు మన క్లాసులోనే చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో పాత బండి జ్ఞాపకం కోసం దాచుకున్న వస్తువు కాదు, రోజూ కూలికీ కూరగాయలకీ తిరిగే కాళ్ళు. దాన్ని తప్పుడు తీర్పుతో ఇనుములో కలిపేస్తే ఆ నష్టం ఎవరిది?

ఇంకో మాట. సెన్సర్లున్న బండి తన తప్పు తానే కోడ్ రూపంలో చెప్పేస్తుంది. కార్బొరేటర్ చెప్పదు, మనం అడగాలి. లక్షణం చూసి కారణం ఊహించడం, ఒక చిన్న పరీక్షతో ఆ ఊహని తేల్చుకోవడం, తర్వాతే విప్పడం. వైవాలో స్టాయికియోమెట్రిక్ నిష్పత్తి 14.7 అని టక్కున చెప్పి మార్కులు తెచ్చుకుంటాం. చోక్ తీయగానే ఆగిపోయే బండి ఆ నిష్పత్తి గురించే మొర పెట్టుకుంటోందని గుర్తుపట్టకపోతే ఆ మార్కులకి అర్థమేంటి? సీఎస్ఈ వాళ్ళకీ ఇది వర్తిస్తుంది. డీబగ్గింగ్ అని మీరు అనేది దీన్నే.

ఎల్లుండితో ఇంటర్నల్స్ అయిపోతాయి, చాలామంది ఇళ్ళకి వెళ్తారు. ఇంట్లో కదలని బండి ఉంటే తోయకముందు ఆ నాలుగు ప్రశ్నలూ వేయండి. జెట్‌లో స్టీలు సూది మాత్రం దూర్చకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే పాళ్ళు శాశ్వతంగా మారిపోతాయి. దించిన పాత పెట్రోల్‌ని కాలవలో పారబోయకండి. మళ్ళీ హాస్టల్‌కి వచ్చేముందు, నెలకి మించి బండి ఎవరూ తీయరనిపిస్తే, ట్యాంకు నింపి, ట్యాప్ కట్టేసి, ఇంజిన్ దానంతటది ఆగిపోయేదాకా నడవనివ్వండి. గిన్నె ఖాళీ అవుతుంది, జిగురు పట్టడానికి అందులో పెద్దగా ఏమీ మిగలదు. ఆ పనికి పట్టేది ఐదారు నిమిషాలు.