గని ఇవ్వరు గానీ గట్టెక్కమంటారు

విశాఖ ఉక్కునగరం మీటింగుల్లో ఈ మధ్య ఒకటే పాట. కష్టాల్ని ఓవర్‌కమ్ చెయ్యాలట. ఉత్పత్తి పెంచి ఓవర్‌కమ్ చెయ్యాలి, ఖర్చు తగ్గించి ఓవర్‌కమ్ చెయ్యాలి, జీతం ముక్కలుముక్కలుగా పడినా ఓర్చుకుని ఓవర్‌కమ్ చెయ్యాలి. ఆ కష్టం తెచ్చిపెట్టిందెవరో మాత్రం ఏ వేదిక మీదా నోరు విప్పరు. తుపానుకి వాడే మాటని ప్రభుత్వ నిర్ణయానికీ వాడేస్తున్నారు. నా కోపమంతా అక్కడే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఊడ్చేసింది. కరెంటు పోయి ప్లాంటులో ఉత్పత్తి ఆగిపోయింది. కార్మికులే మళ్లీ నిలబెట్టుకున్నారు. గట్టెక్కడమంటే అదీ. గాలివానని నిలదీసి సంజాయిషీ అడగలేం కదా! మరి ఉక్కు ఫ్యాక్టరీ అప్పులు ఏ అల్పపీడనం తెచ్చింది?

బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ లైను మీద అరకు ఘాట్లు దిగి మన ఊరికే వస్తుంది. మన హార్బర్లోనే దశాబ్దాలుగా జపాన్ ఓడలకెక్కింది. ఆ గనుల్లో ఒక్కటి విశాఖ ఉక్కుకి రాసివ్వడానికి ఏ ప్రభుత్వానికీ చెయ్యి రాలేదు. టాటాలకి సొంత గనులున్నాయి, సెయిల్‌కి ఉన్నాయి. మన ప్లాంటు మాత్రం కళ్లెదుట పోయే ఖనిజాన్ని ఆ గనులు నడిపే ఎన్‌ఎండీసీ దగ్గర రేటు పెట్టి కొనుక్కోవాలి. 7.3 మిలియన్ టన్నుల విస్తరణకి అప్పు తెచ్చుకోవాలి, వడ్డీ కట్టుకోవాలి. తీరా నష్టం వచ్చాక "చూశారా, నడపడం మీ వల్ల కాలేదు" అంటారు. చేతులు కట్టేసి ఈదమనడం ఇది. దగా అని ఇంకా దేన్నంటారు?

పైగా విశాఖ జనానికి పట్టుదల నేర్పుతారా? 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని రోడ్డెక్కితే నవంబర్ 1న ఈ ఊళ్లో తూటాలు పేలాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతా కలిపి 32 మంది పోయారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేస్తే జాతికి అంకితమయ్యేసరికి 1992 ఆగస్టు వచ్చింది. 64 ఊళ్లు భూములిచ్చి కదిలిపోయాయి. నాన్న పేరుతో వచ్చిన నిర్వాసితుల ఆర్ కార్డుని పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో దాచుకున్న కొడుకులు గాజువాక చుట్టూ ఇప్పటికీ ఉన్నారు. భూమి పోయింది, ఉద్యోగం రాలేదు, వయసూ దాటిపోయింది. ఆ గుమ్మంలో నిలబడి చెప్పండి చూద్దాం, ఓవర్‌కమ్ చెయ్యమని!

2021 జనవరి 27న కేంద్రం నూటికి నూరు శాతం అమ్మకానికి ఒప్పేసుకుంది. మూడు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 22 రాత్రి, కరోనాతో ఊపిరాడని జనం కోసం ఈ ప్లాంటు నింపిన ఏడు ట్యాంకర్ల ఆక్సిజన్‌తో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకి బయల్దేరింది. 2021-22లో 900 కోట్లు దాటి లాభం చూపించింది. ఒకపక్క కూర్మన్నపాలెం శిబిరంలో అమ్మకం వద్దంటూ రిలే దీక్షలు, ఇంకోపక్క డ్యూటీలు. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ట్యాప్ హోల్ తెరిస్తే దాదాపు 1500 డిగ్రీల ఇనుము కాలువ కట్టి పారుతుంది. నిప్పురవ్వలు మీద పడుతుంటే వెండిరంగు కోటు తొడుక్కుని ఆ సెగ పక్కనే నిలబడతాడు కార్మికుడు. ఏసీ గదిలోంచి అతనికి ధైర్యం గురించి ఉపన్యాసమా? సిగ్గుండాలి.

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. కాదనను, పీకలమీది అప్పుల నుంచి కాస్త తెరిపి దొరికింది. కానీ అందులో గని లేదు. అదే ఏడాది ఏళ్ల తరబడి పనిచేసిన కాంట్రాక్టు కార్మికుల్ని గేటు బయటికి నెట్టారు. ప్యాకేజీ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లెవరూ ఆ గేటు దగ్గరికి రాలేదు.

బైలదిల్లాలోనో ఒడిశాలోనో ఏ గని ఇస్తారు, ఏ తేదీకి ఇస్తారు, ఆర్ కార్డుదారుల సంగతి ఎప్పుడు తేలుస్తారు? ఈ మూడింటికీ పార్లమెంటులో రాతపూర్వకంగా జవాబు రాబట్టాలి. మన ఎంపీలకి ఓట్లేసింది అందుకే.