షుగరు క్లాసులో నిజం చెప్పుకుందాం



మన ఆసుపత్రిలో షుగరు వ్యాధి ఉన్నవారికి జరిగే ఆరోగ్య విద్యా తరగతుల గురించి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయాలనుకున్నాను. "మాత్రలు ఇచ్చారు, సూది వేసుకోవడం నేర్పారు, ఇంకా క్లాసు ఎందుకు సిస్టరుగారూ? ఒక రోజు కూలి పోతుంది" అని కొందరు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. నా అభిప్రాయంలో క్లాసు కూడా మందుతో సమానం. అయితే ఆ మందు పనిచేయాలంటే అక్కడ నర్సు మాట్లాడటం కన్నా రోగి మాట్లాడటం ముఖ్యం.

షుగరు నాలుగు రోజుల జ్వరం వంటిది కాదు. ఈ జబ్బు ఉన్న మనిషి డాక్టరుగారిని నెలకొకసారి పది నిమిషాలు చూస్తాడు. మిగిలిన రోజులన్నీ ఎంత తినాలి, సూది ఎప్పుడు వేసుకోవాలి, కాలికి తగిలిన దెబ్బకు ఏమి చేయాలి అన్నవి ఇంటి దగ్గర తానే చూసుకోవాలి. అందుకే అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ ఎలియట్ జోస్లిన్ 1918లోనే షుగరు రోగుల కోసం ఒక పుస్తకం వ్రాశారు. మనిషికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చింది 1922లో. అంటే ఇన్సులిన్ కంటే ముందే పాఠం వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్ల మందికి పైనే. ఇంతమందికి పక్కన కూర్చుని చెప్పేంత మంది డాక్టర్లు ఎక్కడున్నారు?

క్లాసుకు వచ్చినవారు తరువాత నాతో చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. "తిడతారేమోనని భయపడ్డాను." "నాకొక్కడికే ఇలా అవుతుందనుకున్నాను." ఒక పెద్దాయన, రాగి జావ ఎంత త్రాగినా షుగరు పెరగదని ఎవరో చెబితే పూటకు రెండు గ్లాసులు త్రాగుతున్నారు. ఓ.పి.లో ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. క్లాసులో పక్కనున్నావిడ తన జావ సంగతి చెప్పగానే ఆయనా నోరు విప్పారు. రాగులు మంచివే గాని వాటిలోనూ పిండి పదార్థం ఉంది, లెక్కలో వేసుకోవాలి అని అక్కడే అందరికీ అర్థమైంది. ఒక తల్లి, ఖర్చు భరించలేక ఇన్సులిన్ రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని చెప్పింది. ఆ నిజం తెలియకపోతే డాక్టరుగారు మోతాదు పెంచుతారు. పెంచిన మోతాదు ఏదో ఒక రోజు పూర్తిగా వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం.

మన సంఘాలలో ఇంకొక సంగతి కూడా ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలోను, శ్రమకాల దినాల్లోను మందు వేసుకుని భోజనం మానేసేవారున్నారు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు తినకుండా ఉంటే షుగరు 70 కంటే దిగిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, కంగారు వస్తాయి. తరువాత స్పృహ తప్పవచ్చు. అలా అనిపించగానే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి త్రాగాలి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేసుకోవాలి, ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ అంతే త్రాగాలి. కుదుటపడ్డాక ఏదైనా తినాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. ఉపవాసం ఉండాలనుకునేవారు ముందుగా డాక్టరుగారిని అడగండి.

స్వస్థత ప్రార్థన తరువాత సూది మానేసినవారూ ఉన్నారు. విశ్వాసం తక్కువంటారేమోనని సంఘంలో చెప్పరు, కోప్పడతారేమోనని ఆసుపత్రిలో చెప్పరు. చిన్న వయసులోనే షుగరు వచ్చి ఇన్సులిన్ మీదే ఆధారపడిన పిల్లలకు సూది ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ప్రార్థించి సూది వేసుకోవడం అవిశ్వాసం కాదు. మిషను ఆసుపత్రులు కట్టినవారు ప్రార్థించారు, మందులూ ఇచ్చారు. పాస్టరుగార్లు ఈ ఒక్క మాట ప్రసంగంలో చెబితే మా పది క్లాసుల పెట్టు.

ఒక్కసారి వచ్చి వెళ్తే సరిపోతుందా అంటే, సరిపోదు. బ్రిటన్‌లో డెస్మండ్ అనే పేరుతో, కొత్తగా షుగరు బయటపడినవారికి ఆరు గంటల తరగతి నడిపారు. 2008లో దాని ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది తరువాత చూస్తే, తరగతికి వెళ్లినవారికి బరువు ఎక్కువ తగ్గింది, పొగ మానినవారు వారిలో ఎక్కువ, జబ్బును బాగా అర్థం చేసుకున్నారు. కాని మూడు నెలల సగటు షుగరులో మాత్రం వెళ్లనివారికీ వీరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చూసి క్లాసులు దండగ అనవచ్చు. నాకు వేరుగా తోస్తుంది. ఆరు గంటల్లో జబ్బు అర్థమవుతుంది, అలవాటు మారడానికి మాత్రం మళ్లీ మళ్లీ కలవాలి. ఒక్క ఆదివారం వాక్యం విని ఏడాదంతా సరిపెట్టుకోము గదా.

క్లాసుకు రోగి ఒక్కరే వస్తే సగం పనే అవుతుంది. గరిటె పట్టుకున్నవారు కూడా రావాలి. కంచంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచాలని భర్తకు చెబితే ఏమి లాభం, వండి వడ్డించే భార్యకో కోడలికో తెలియనప్పుడు? షుగరు భార్యకుంటే భర్త రావాలి. "నాకోసం వేరే వంట ఎవరు చేస్తారు సిస్టరుగారూ" అని ఎంతమంది ఆడవాళ్లు అంటారో! వేరే వంట అక్కర్లేదు. ఆమెకు మంచిదైన భోజనం ఇంటిల్లిపాదికీ మంచిదే.

మా నర్సులకు నేను చెప్పేది ఒక్కటే. రోగి నిజం చెప్పినప్పుడు ముఖం చిట్లించవద్దు, నలుగురిలో చిన్నబుచ్చవద్దు. ఒకసారి తిట్లు తిన్న మనిషి రెండవసారి అబద్ధం చెబుతాడు, మూడవసారి రానే రాడు. చివరికి పుండుపడిన కాలితో వస్తాడు. అప్పుడు కాలు దక్కించడం ఎవరి చేతిలోనూ ఉండకపోవచ్చు.

కనుక ప్రియులారా, ఈసారి క్లాసుకు వచ్చేటప్పుడు మీరు వాడే మందులన్నీ, ఆకు మందులు, పొడులతో సహా, సంచిలో వేసుకుని రండి. సూది వాడేవారు సీసా, సిరంజి కూడా తెండి. 40 యూనిట్ల సీసాకు 40 యూనిట్ల సిరంజే వాడాలి, మూత ఎరుపు రంగులో ఉంటుంది. అది సరిచూసి పంపుతాము. ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని రండి. మానేసిన మాత్ర గురించి, తిన్న మిఠాయి గురించి దాచకుండా చెప్పండి. మీరు చెప్పే నిజం పక్కన కూర్చున్న మరొకరిని కాపాడవచ్చు.

ప్రభువు మీకు, మీ కుటుంబాలకు ఆరోగ్యము దయచేయును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్