జపాన్ భాష తెలుగులో చెప్పండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నర్సింగ్ విద్యార్థులకు, తల్లిదండ్రులకు, శిక్షణ కేంద్రాలు నడిపేవారికి మనవి.

నైపుణ్యం ఉన్న మనవాళ్లను పనుల్లోకి తీసుకునేందుకు 2021 జనవరిలో జపాన్ మన దేశంతో ఒప్పందం చేసుకుంది. ముసలివాళ్ల సంరక్షణ పనికి వెళ్లాలంటే జపాన్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి గానీ, దానికి సాటి వచ్చే పరీక్ష గానీ గట్టెక్కాలి. ఆ పనిలో వాడే మాటలకు వేరే పరీక్ష ఉంది. తీరా చేరాక పొద్దస్తమానం అడగాల్సినవి ఇవే: నీళ్లా, టీయా? నొప్పి ఇక్కడా, ఇక్కడా? మంచం మీద తింటారా, కుర్చీలో కూర్చుంటారా?

‘మిజు దెస్ క, ఓచ దెస్ క?’ అంటే నీళ్లా, టీయా అనే. మనం రెండింటి చివరా ‘ఆ’ తగిలిస్తాం, వాళ్లు ‘క’ తగిలిస్తారు. ‘ఒస్తాడో రాడో తెలీదు’ అనాలంటే ‘కురు క కొనై క వకరిమసెన్’. మన ‘ఓ’ ఉన్నచోట ‘క’ పడింది, మాటల వరస మారలేదు. ‘ఒస్తాడో లేదో’ అయితే ‘కురు క దో క’. తేడా లేకపోలేదు: ‘నేడో రేపో’ అనేటప్పుడు వాళ్లు ‘క్యో క అషిత’ అని రెండో ‘క’ వదిలేస్తారు. తెలుగులో చెప్తే ఇదంతా అరగంట పాఠం. ఇంగ్లీషులో చెప్తే క్రియను ముందుకు లాగి, మళ్లీ వెనక్కి తోయాలి. బొబ్బిలి నుంచి పార్వతీపురానికి విశాఖ మీదుగా పోయినట్టు!

అంతమాత్రాన రెండు భాషలూ చుట్టాలనడం లేదు. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళంతో చుట్టరికం కలపబోతే తోటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. చుట్టరికం మనకెందుకు, పోలిక చాలు. జపాన్ రాతలోని కంజి అక్షరాల దగ్గర మాత్రం తెలుగు ఏమీ ఆదుకోదు, అవి దిద్దాల్సిందే.

శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలన్నారు. అందుకు ముందు తానే ఆ భాష నేర్చుకున్నారు, పాఠ్యపుస్తకాలు రాశారు. ఆయన పుట్టిన జిల్లాలో మన పిల్లలకు ఓ పరాయి భాషను మరో పరాయి భాషలో చెప్పడమేమిటి?

ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరం జేఎన్‌టీయూ కలిసి తెలుగులో జపనీస్ వ్యాకరణం ఒక చిన్న పుస్తకంగా తేవాలి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ దాన్ని ఉచితంగా పంచాలి. తెలుగు వచ్చిన బోధకులను పెట్టాలి. అది జరిగేదాకా, తల్లిదండ్రులారా, ఎక్కడ చేర్పించినా ఫీజు కట్టేముందు అడగండి: వ్యాకరణం తెలుగులో చెప్తారా, ఇంగ్లీషులోనా?