ముందు పేరు గడి రాసుకుందాం



సంఘానికి కొత్త వెబ్‌సైటు చేయిద్దామని మళ్లీ మాట లేచింది. చేయిద్దాం, కాదనం. కానీ అంతకంటే ముందు ఒక్క గడి సరిగ్గా రాయించుకుందామని మా అభిప్రాయం. పేరు అడిగే గడి.

నవ్వకండి. చంద్రపూర్‌లో తెలుగువాళ్ల పేరు ఫారంలో పట్టించడం తేలిక కాదు. మనకు ఇంటిపేరు ముందు, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరమే. ఇక్కడ వాడుకలో మరాఠీ పద్ధతి: సొంత పేరు, తండ్రి పేరు, ఆఖరున ఇంటిపేరు. ఆడపిల్లకు పెళ్లయితే మధ్యలోకి భర్త పేరు వస్తుంది. ఒకే ఇంట్లో తాత కాగితాలు ఒక తీరు, మనవడి కాగితాలు ఇంకో తీరు. సభ్యత్వ ఫారం చేసినవారు మూడు గడులు పెట్టారు, రక్తదాతల జాబితా చేసినవారు ఒక్కటే పెట్టారు. ఫలితం, ఒకే మనిషి రెండు పేర్లతో ఇద్దరు దాతలుగా కనబడతాడు. అర్ధరాత్రి రక్తం కావాల్సి వచ్చినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పెళ్లి సంబంధాల పేజీలోనైతే ఒకే ఇంటిపేరువాళ్లకు జోడీ చూపిస్తుంది!

ఆ గడిని ఒక్కచోట రాసి అన్ని పేజీల్లో వాడుకోవడాన్నే కాంపొనెంట్ అంటారు. తెలుగు వికీపీడియాలో ఇలాంటివాటికి ‘మూస’ అని పేరు. సినిమాను మూస అంటే తిట్టే గానీ, అక్కడ అది మంచి మాట. ఊళ్ల వ్యాసాల పక్కన కనబడే సమాచారపెట్టె ఒక మూసే. మూసలో ఒక తప్పు దిద్దితే, దాన్ని వాడిన పేజీలన్నిటా దిద్దుబాటు కనబడుతుంది.

మన గడి చేయాల్సింది కొంచెమే. ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి లేదా భర్త పేరు విడివిడిగా దాచుకోవాలి. ఏది ముందు, ఏది వెనక అన్నది చూపించేటప్పుడు తేల్చుకోవాలి. చందా రసీదు మీద మరాఠీ వరుస, మన పండగ ఆహ్వానంలో తెలుగు వరుస. సొంత పేరు ఒక్కటే తప్పనిసరి. సంబంధాల పేజీలో మాత్రం ఇంటిపేరు కూడా. ఇంతకుమించి ఇరవై ఆప్షన్లు పెడితే అది గడి కాదు, గుదిబండ.

“రియాక్ట్‌లో చేసేస్తాం అంకుల్” అంటున్నారు మన పిల్లలు. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన ఆ లైబ్రరీ పెద్ద పనులకు బాగానే ఉంటుంది. కానీ చేసిన పిల్లవాడు ఉద్యోగానికి పుణెకో హైదరాబాద్‌కో వెళ్లిపోతాడు. తర్వాతివాడు తెరిచి చదవగలగాలి కదా. బ్రౌజర్‌లోనే ఉన్న కస్టమ్ ఎలిమెంట్ మనకు చాలు: మనం పేరు పెట్టుకున్న ఒక ట్యాగు, ఆ పేరులో ఒక హైఫన్, వెనక కాస్త జావాస్క్రిప్ట్. 2020 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటికీ ఇది తెలుసు.

చిన్న ముక్కను కూడా బయటినుంచి తెచ్చుకునే అలవాటు వద్దు. 2016 మార్చిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 వరుసల కోడును, రాసినాయనే ఎన్‌పీఎం నుంచి తీసేసుకుంటే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 11 వరుసలు మన పిల్లలు రాయలేరా? తెలుగు, మరాఠీ టైపు చేయించే సదుపాయం లాంటి బరువైన పని మాత్రం మనం మొదలెట్టక్కర్లేదు. వికీమీడియావాళ్ల జేక్వెరీ ఐఎంఈ ఉచితంగానే దొరుకుతుంది, అది వాడుకుందాం.

వచ్చే కార్యవర్గ సమావేశంలో కొటేషన్లు విప్పేముందు ఈ గడి సంగతి తేలుద్దాం. బల్లార్‌పూర్, రాజురా సభ్యులు కూడా చెప్పాలి: మీ ఇంట్లో ఏ ఫారంలోనూ ఇమడని పేరు ఉందా? పేరు బయటపెట్టొద్దు, ఏ గడిలో చిక్కుకుందో అది రాయండి చాలు.