దీవి మీద నాలుగు మేడలు

పెద్దింటి గుట్టు వినడమంటే మనలో చాలామందికి చెవి కోసుకునేంత సరదా. గోడ యెంత యెత్తు వుంటే పొరుగువారి మెడ అంత సాగుతుంది. 2025 జూన్ 18న ప్రైమ్ వీడియోలో వచ్చిన 'ఉయ్ వర్ లయర్స్' అనే యెనిమిది భాగాల ధారావాహికకు పిల్లలతో పాటు పెద్దలూ అతుక్కుపోవడానికి కారణం అదే కాబోలు. దీనికి మూలం ఇ. లాక్‌హార్ట్ 2014లో వెలువరించిన నవల. అది కలం పేరు. ఆవిడ అసలు పేరు ఎమిలీ జెంకిన్స్. యౌవనంలో అడుగు పెడుతున్న పిల్లల కోసం వ్రాశారు గాని, అరవై దాటినవారు ఆలోచించుకోవలసిన సంగతులు అందులో చాలా వున్నాయి.

కథ చిత్తగించండి. అమెరికాలో మసాచుసెట్స్ తీరాన, మార్తాస్ విన్యార్డ్ దాపున, బీచ్‌వుడ్ అనే కల్పిత దీవి. దీవి మొత్తం హారిస్ సింక్లెయిర్ అనే పెద్దాయన సొంతం. ఆయనకు ముగ్గురు కూతుళ్లు: కారీ, పెన్నీ, బెస్. తనకొక మేడ, కూతుళ్లకు తలా వొకటి. వేసవి వచ్చిందంటే కూతుళ్లూ మనుమలూ అక్కడ చేరతారు. పెన్నీ కూతురు కేడెన్స్, కారీ కొడుకు జానీ, బెస్ కూతురు మిరెన్, వారితో గాట్ అనే కుర్రవాడు. యీ నలుగురికీ ఇంట్లో 'అబద్ధాలకోరులు' అని ముద్దుపేరు. పదహారో యేట వొక రాత్రి కేడెన్స్ సముద్రపు వొడ్డున తలకు దెబ్బతో దొరికింది. యేం జరిగిందో ఆమెకు గుర్తులేదు. మరుసటి వేసవి మళ్లీ దీవికి వచ్చి అడిగితే, తెలిసినవాళ్లెవరూ పెదవి విప్పరు. ఆ రహస్యమేమిటో నేనూ చెప్పను. చూడబోయేవారి ఉసురు నాకెందుకు?

రహస్యం కంటే నన్ను పట్టుకున్నది ఆ పెద్దాయన పద్ధతి. ఆస్తి యెవరికిస్తాడో తేల్చడు. ఇస్తాననడు, ఇవ్వననడు. ఇవాళ వొక కూతురి మీద దయ, రేపు మరొకతె మీద. ముగ్గురూ నడివయస్సు వచ్చినా తండ్రి ముఖం చూసి బతుకుతారు. పైగా పిల్లల్ని తాతగారి దగ్గరికి రాయబారం పంపుతారు, ఆ ఇల్లంటే నాకెంతో ఇష్టమని చెప్పిరమ్మని! భారతంలో రాయబారం నడిపింది పెద్దలు. ఇక్కడ నడిపేది బడికి వెళ్లే పిల్లలు. వాళ్లు అబద్ధాలు యెక్కడ నేర్చారని వేరే అడగాలా?

ముగ్గురు కూతుళ్ల ముచ్చట కొత్తది కాదు. షేక్స్పియర్ లియర్ రాజు, నేనంటే యెంత ప్రేమ అని కూతుళ్లను అడిగి మరీ రాజ్యం పంచాడు. నవల ఆ కథను తలుచుకుంటూనే నడుస్తుంది. లియర్ తొందరపడి పంచి తాను చెడ్డాడు. సింక్లెయిర్ పంచకుండా వూరించి పిల్లల్ని చెరిచాడు.

మనకు దగ్గరైన సంగతి మరొకటి వుంది. గాట్ మన దేశపు మూలాలున్న కుర్రవాడు. కారీతో కలిసి వుంటున్న ఎడ్ వెంట వచ్చిన బంధువుల పిల్లవాడు. శుభమ్ మహేశ్వరి, రాహుల్ కోహ్లీ యీ రెండు పాత్రలూ ధరించారు. యేళ్ల తరబడి వేసవి వేసవికీ వస్తున్నా, నవలలో పెద్దాయన ఆ పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచిన పాపాన పోడు. తిట్టడు, గెంటడు. పేరు మాత్రం పలకడు. మర్యాదస్తుల తిరస్కారం ఇలాగే వుంటుంది. ఫలానా మాట అన్నారని చెప్పుకోవడానికి కూడా యేమీ దొరకదు. విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న మనవారికి యీ బాధ వేరే చెప్పనక్కరలేదు. అయితే, మన ఇంట్లో అంట్లు తోమే మనిషి కొడుకు పేరు మనలో యెందరికి తెలుసు?

కేడెన్స్‌కు నిజం చెప్పకపోవడానికి వాళ్ల కారణం వాళ్లకుంది. తనంత తానే గుర్తు తెచ్చుకోనివ్వమని వైద్యులు చెప్పారు. సబబే. కాని ఆ దెబ్బకు ముందు మాత్రం ఆ ఇంట్లో యెవరు యెవరికి నిజం చెప్పారు? నవలలో తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోతే, తల్లి కూతురిని యేడవనివ్వదు. యేమీ జరగనట్టు నిలబడమంటుంది. ఇదే రచయిత్రి 2022లో వెలువరించిన 'ఫ్యామిలీ ఆఫ్ లయర్స్' ఆ తల్లుల చిన్ననాటి కథ. రెండో విడత ధారావాహికకు అదే ఆధారమని 2025లోనే ప్రకటించారు. దాపరికం ఆ ఇంట పిల్లలతో పుట్టింది కాదన్నమాట.

తాగుడూ, ప్రేమ సన్నివేశాలూ వున్నాయి కనుక పసిపిల్లలకు తగదు. కాలేజీ పిల్లలు చూస్తూంటే మాత్రం వద్దనకండి. మీరూ పక్కన కూర్చోండి. ఇంట్లో తాతగారుంటే ఆయన్నీ పిలవండి. చివరి భాగం అయ్యాక, ఇల్లూ పొలమూ యెవరికేమిటో నలుగురి ముందూ చెప్పమనండి. తగువు రావచ్చు, రానివ్వండి. మర్నాడు కాఫీ వేళకు యెవరో వొకరు ముందుగా పలకరిస్తారు. ఆ దీవిలో కొరవడింది ఆ పాటి తగువే.