అమ్మమ్మలకు ఎవరు చెప్పాలి?

హాస్టల్లో చేరేటప్పుడు మనం నింపే ఫారంలో 'తండ్రి లేక సంరక్షకుని పేరు' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో అమ్మమ్మ పేరో, మేనమామ పేరో, పిన్ని పేరో రాసే పిల్లలు ప్రతి సంవత్సరం కొందరు ఉంటారు. తల్లిదండ్రులు చనిపోయినవాళ్ళు కొందరైతే, తండ్రి పోయాక తల్లి మారుమనువు చేసుకొని వెళ్ళినవాళ్ళు కొందరు. ఆ పిల్లల గురించి సభల్లో జాలిగా మాట్లాడతాం. వాళ్ళను పెంచుతున్నవాళ్ళ గురించి మాత్రం ఎవరమూ మాట్లాడం.

పరాయి బిడ్డను కొంతకాలం ఇంట్లో ఉంచుకొని పెంచడాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. ఇది దత్తత కాదు. దత్తతలో బిడ్డ శాశ్వతంగా ఆ ఇంటివాడైపోతాడు, ఇక్కడ ఉండేది పెంచే బాధ్యత మాత్రమే. మన దేశంలో 2015 నాటి బాల న్యాయ చట్టం 44వ సెక్షన్‌లో దీనికి చోటిచ్చారు. పెంచే కుటుంబానికి ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇవ్వాలి, బాలల సంక్షేమ కమిటీ నెలకొకసారి వెళ్ళి బిడ్డ ఎలా ఉన్నాడో చూడాలి. 2024లో మార్గదర్శకాలను సవరించి ఒంటరి స్త్రీ పురుషులకు కూడా అవకాశం ఇచ్చారు, అయితే వయస్సు 35 నుంచి 60 మధ్య ఉండాలన్నారు.

బాగానే ఉంది. కాని మన చోడవరం, మాడుగుల, రావికమతం పల్లెల్లో తల్లిదండ్రులు లేని బిడ్డను పెంచేది ఎవరు? పరాయివాళ్ళు కాదు, అరవై దాటిన అమ్మమ్మలు. ఫోస్టర్ కేర్ అనేది బిడ్డ పుట్టిన కుటుంబం కాని కుటుంబానికి ఉద్దేశించినది కాబట్టి అమ్మమ్మ అందులోకి రాదు. ఆమెకున్న దారి స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య పథకం కింద, అనాథలై బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు, భర్త పోయిన తల్లుల పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో మన జిల్లా కేంద్రం విశాఖపట్నం నుంచి అనకాపల్లికి మారింది గనుక దూరం తగ్గింది. అయినా ఈ సంగతి ఎంతమంది అమ్మమ్మలకు తెలుసు? మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా అనేసరికి "నాకేటి తెలుస్తాది బాబూ" అంటారు. ఎవరూ చెప్పకపోతే ఆమెకు మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇందులో ఇంకో చిక్కు ఉంది. పిల్లవాడు హాస్టల్లో చేరితే స్పాన్సర్‌షిప్ ఆపేయాలన్న నిబంధన పెట్టారు. తిండి, బట్ట, పుస్తకాలు ప్రభుత్వమే ఇస్తోంది కదా, మళ్ళీ డబ్బెందుకు అని వాళ్ళ వాదన. మరి వేసవి సెలవుల్లో హాస్టలుకు తాళం పడ్డాక ఆ బిడ్డ ఎక్కడ తింటాడు? జ్వరం వచ్చినప్పుడు ఎవరింటికి పంపుతారు? హాస్టల్ పిల్లవాడి ఇల్లు కూడా ఖర్చున్న ఇల్లేనని ఆ నిబంధన రాసినవాళ్ళకు తట్టలేదేమో!

డబ్బు సంగతి అలా ఉంచుదాం. నా అసలు బాధ శిక్షణ గురించి. కోళ్ళ పెంపకానికి శిక్షణ ఇస్తారు. డ్వాక్రా మహిళలకు లెక్కల పుస్తకం రాయడం నేర్పుతారు. తల్లిని పోగొట్టుకున్న బిడ్డను ఎలా పెంచాలో మాత్రం ఆ ఇంటివాళ్ళకు ఎవరూ చెప్పరు. "మనవణ్ణి పెంచడానికి శిక్షణేమిటి, ప్రేమ చాలదా?" అని పెద్దలు అడగవచ్చు. ప్రేమ ఉంది, కాదనను. తన ముద్ద మాని పెట్టే అమ్మమ్మే కోపం వచ్చినప్పుడు "తల్లిని మింగేసిన గుంట" అంటుంది. ఆ మాట పిల్లవాడిలో ఎంత లోతుకు దిగుతుందో ఆమెకు తెలియదు. పదేళ్ళవాడు పక్క తడిపితే, అన్నం దాచుకుంటే, ఊరికే అబద్ధాలాడితే అది దుర్బుద్ధి అనుకొని కొడతారు. అది దుఃఖమూ భయమూ కావచ్చునని ఒక్కరు కూర్చోబెట్టి చెబితే చాలు, కొన్ని దెబ్బలైనా తగ్గుతాయి. ఒంటరి తాతయ్య దగ్గర పెరిగే ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఆ ముసలాయన ఎవరిని అడగాలి? భయపడి పదో తరగతి కాకుండానే సంబంధం చూస్తాడు. చదువు అక్కడితో సరి.

ఇంగ్లండులో ఫోస్టర్ కేర్‌కు ఆమోదం పొందిన కుటుంబం 12 నెలల్లో నిర్ణీత శిక్షణ పూర్తి చేయాలి. బంధువులే ఆ ఆమోదం పొంది పెంచుతుంటే 18 నెలలు గడువిస్తారు. అంటే బంధువులకు కూడా నేర్చుకోవలసింది ఉందని ఆ దేశం ఒప్పుకుంది. వాళ్ళ డబ్బు మనకు లేకపోవచ్చు. కాని మన హాస్టల్ ఉంది కదా! నెలలో ఒకసారైనా ఆ అమ్మమ్మలు, మేనమామలు వచ్చి గేటు దగ్గర నిలబడే చోటు ఇదొక్కటే.

అందుకని నేను కోరేది ఇది. వేసవి సెలవులకు పిల్లల ట్రంకు పెట్టెలు తీసుకువెళ్ళడానికి పెద్దలు వచ్చే రోజునే, వాళ్ళకోసం ఒక పూట సమావేశం పెట్టాలి. వేరే రోజు రమ్మంటే కూలి పోతుంది, రారు. వార్డెన్ గారు జిల్లా బాలల పరిరక్షణ విభాగం వారిని, ఒక ఏ.ఎన్.ఎం. అక్కను పిలిపించాలి. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఇద్దరు ముగ్గురు బల్ల వేసుకొని కూర్చొని, ఇంటి దగ్గర ఉండి చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు స్పాన్సర్‌షిప్ దరఖాస్తులు రాసిపెట్టాలి. 1098 నంబరు దేనికో చెప్పి, ప్రతి ఒక్కరి చేతికీ ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. ఆ పూట వాళ్ళ భోజనం మన మెస్‌లోనే, పిల్లల పక్కన కూర్చోబెట్టి పెట్టాలి.